సిడ్నీ దొరల చెరకు తోటల్లో మనవాళ్లు

తీరం దాటినవాళ్లు: తొమ్మిదో భాగం

పోయిన రెండు భాగాలూ రంగం, అంటే రంగూన్, కథకే సరిపోయాయి. కళింగపట్నంలోనో బారువలోనో ఓడెక్కినవాడు కొద్ది రోజుల్లో రంగూన్‌లో దిగేవాడు. రేవులోనో ధాన్యం మిల్లులోనో రెండు మూడేళ్లు బస్తాలు మోసేవాడు. మేస్త్రీ దగ్గర తీసుకున్న బయానా తీర్చి, మిగిలిన నాలుగు రూపాయలు మొలకు కట్టుకుని ఇంటికొచ్చేవాడు, మళ్లీ పోయేవాడు. అందుకే నరసన్నపేట, టెక్కలి వైపు పెద్దవాళ్లను కదిలిస్తే "మా తాత రంగం పోయాడు" అనే మాట ఇప్పటికీ వినబడుతుంది. "మా తాత ఫిజీ పోయాడు" అని మాత్రం ఎవరూ అనరు. అనడానికి ఆ మనవలు ఇక్కడ పుడితే కదా!

ఈ వారం ఆ ఫిజీ గురించి. అంతకంటే ముఖ్యంగా, అక్కడ మనవాళ్ల చేత పని చేయించినవాళ్ల గురించి. ఫిజీ మీద ఎగిరింది బ్రిటిష్ జెండాయే అయినా, చెరకు తోటలో గుర్రమెక్కి తిరిగిన దొర చాలాసార్లు ఆస్ట్రేలియా కుర్రాడు. అతని జీతం సిడ్నీ నుంచి వచ్చేది. తన దేశంలో అడుగు పెట్టనివ్వని మనిషి చేత పొరుగు దీవిలో చెరకు నరికించుకున్న దేశం కథ ఇది.

ముందు మన జిల్లాల లెక్క చూద్దాం. ఫిజీకి భారతీయ కూలీలను తోలడం 1879లో కలకత్తా నుంచి మొదలైంది. ఉత్తరాది జిల్లాల్లో మనుషులు చాలినంతగా దొరక్కపోయేసరికి 1903లో మద్రాసు రేవు నుంచి కూడా ఓడలు కట్టారు. 1916లో ఆఖరి ఓడ వెళ్లేలోపు మొత్తం 60 వేల పైచిలుకు మంది ఫిజీ చేరితే, వాళ్లలో సుమారు 15 వేల మంది దక్షిణాదివాళ్లు. ఉత్తరార్కాటు, తంజావూరు, మలబారు వగైరాలతో పాటు తెలుగు జిల్లాల్లో కృష్ణా, గోదావరి, విశాఖపట్నం పేర్లు ఆ పట్టీలో ముందుంటాయి. ఆనాటి విశాఖపట్నం జిల్లా అంటే ఇవాళ్టి విజయనగరం, బొబ్బిలి, పార్వతీపురం, పాలకొండ అన్నీ కలిపి. నరసన్నపేట, శ్రీకాకుళం అప్పట్లో గంజాం జిల్లాలో ఉండేవి. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు విశాఖపట్నంలో కలిశాయి, 1950లో శ్రీకాకుళం జిల్లాగా విడివడ్డాయి. పాత కాగితాల్లో మన ఊళ్లు వెతికేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోకపోతే దారి తప్పుతారు.

గంజాం, విశాఖ జిల్లాల కూలీ జనంలో ఎక్కువ మందికి రంగమే దిక్కు. దగ్గర, కాగితం లేదు, ఏడాది తిరక్కుండానే వెనక్కి రావచ్చు. ఫిజీ అలా కాదు. మద్రాసు డిపోలో వేలిముద్ర వేస్తే అయిదేళ్లు. ఆ అయిదేళ్ల ఒప్పందాన్నే జనం గిర్మిట్ అన్నారు. ఓడలోనే వారాల తరబడి ప్రయాణం. అయిదేళ్లు ముగిశాక సొంత ఖర్చుతో రావచ్చు, మరో అయిదేళ్లు ఉంటే ఓడ టిక్కెట్టు ఉచితంగా దొరుకుతుంది. మరి ఎవరు పోయారు? 1866 కరువు, 1896-97 కరువు తిన్న నేల ఇది. అప్పులపాలైన రైతుకూలీలు, ఇంట్లో పడనివాళ్లు, కట్టుకున్నవాడు వదిలేసిన ఆడవాళ్లు, బజారులో దళారి మాటలు నమ్మిన కుర్రాళ్లు. మగవాడికి రోజుకు ఒక షిల్లింగు, అంటే మన లెక్కలో 12 అణాలు అని దళారి చెప్పేవాడు. ఇక్కడ అందులో నాలుగో వంతు కూడా దొరకని రోజుల్లో ఆ మాటకు ఎవరి ప్రాణమైనా లేచొస్తుంది. ఫిజీలో బియ్యం ధర ఎంతో, షిల్లింగు రావాలంటే ఎంత పని పూర్తి చెయ్యాలో దళారి చెప్పలేదు.

ఇక ఆ షిల్లింగు ఇచ్చిన కంపెనీ సంగతి. పేరు కలోనియల్ షుగర్ రిఫైనింగ్ కంపెనీ. 1855లో సిడ్నీలో పుట్టింది. అందరూ సీఎస్‌ఆర్ అనేవారు. ఫిజీలో 1882లో నౌసోరిలో, 1886లో రారావైలో, 1894లో లంబాసాలో, 1903లో లౌతోకాలో మిల్లులు పెట్టింది. లౌతోకా మిల్లు గానుగ తిరిగిన ఏడాదే మద్రాసు నుంచి తొలి కూలీల ఓడ రావడం గమనించండి. 1926 నాటికి ఫిజీలో చెరకాడే మిల్లులన్నీ ఆ ఒక్క కంపెనీ చేతికి వచ్చాయి. నేల ఎవరిదైనా, జెండా ఎవరిదైనా, చెరకు కొనేది సీఎస్‌ఆరే, ధర కట్టేదీ సీఎస్‌ఆరే.

ఇదే కంపెనీకి ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో కూడా మిల్లులున్నాయి. అక్కడి తోటల్లో 1863 నుంచి పసిఫిక్ దీవుల జనాన్ని తెచ్చి పని చేయించేవారు. 1901లో ఆస్ట్రేలియాలోని వలస రాజ్యాలన్నీ కలిసి ఒక సమాఖ్యగా ఏర్పడగానే కొత్త పార్లమెంటు చేసిన తొలి పనుల్లో రెండు చట్టాలున్నాయి. ఒకటి ఆ దీవుల కూలీలను దేశం నుంచి పంపించేయడానికి. రెండోది ఆసియావాళ్లు లోపలికి రాకుండా చూడటానికి. ఆ తర్వాత తెల్లవాడి చేత పండించిన చెరకుకు సర్కారు డబ్బు ఎదురిచ్చింది. కంపెనీకి చిక్కేమీ రాలేదు. క్వీన్స్‌లాండ్‌లో తెల్ల చెమటతో చక్కెర, ఫిజీలో నల్ల చెమటతో చక్కెర. ఫిజీ చక్కెర న్యూజిలాండ్‌కూ కెనడాకూ పోయేది, లాభం మాత్రం సిడ్నీ వాటాదారు ఇంటికి వచ్చేది.

ఆస్ట్రేలియావాళ్లు ఆసియాను ఎలా చూశారన్న ప్రశ్నకు పుస్తకాల్లో సాధారణంగా చెప్పే జవాబు 'తెల్ల ఆస్ట్రేలియా విధానం'. అది నిజమే గాని సగం నిజం. వాళ్లు ఆసియాకు మొహం చాటేయలేదు. ఆసియా సరుకు కావాలి, ఆసియా చాకిరీ కావాలి, ఆసియా మనిషి మాత్రం పక్కింట్లో ఉండకూడదు. ఈ మెలిక అర్థం కావాలంటే కాస్త వెనక్కి పోవాలి.

1788లో సిడ్నీలో దిగిన ఇంగ్లీషు ఖైదీలు, సైనికులు తొలి నాలుగైదేళ్లు పస్తులున్నారు. పంటలు పండలేదు, ఇంగ్లండు నుంచి ఓడలు రాలేదు. 1792లో 'అట్లాంటిక్' అనే ఓడ కలకత్తా నుంచి బియ్యం, పప్పు పట్టుకొస్తే ప్రాణం లేచొచ్చింది. తెల్ల ఆస్ట్రేలియా పప్పన్నం తిని బతికిందన్నమాట! తర్వాత కలకత్తా వర్తకులు అక్కడ కొట్లు తెరిచారు. న్యూసౌత్‌వేల్స్ గుర్రాలు ఓడలెక్కి మద్రాసుకు, కలకత్తాకు వచ్చాయి. మన మద్రాసు సైన్యంలో గుర్రపు దళాలు ఎక్కింది చాలావరకు ఆ 'వేలర్' గుర్రాలే. 1860 నుంచి ఒంటెలతో పాటు పఠాన్లను, బలూచీలను తీసుకెళ్లి ఎడారిలో దారులు వేయించుకున్నారు. పంజాబీ మూటల వ్యాపారి పల్లెపల్లెకూ తిరిగి బట్టలు అమ్మాడు. అంతవరకు ఎవరికీ పెద్ద అభ్యంతరం లేదు.

చిక్కు బంగారంతో వచ్చింది. 1851లో గనులు బయటపడ్డాయి, వేల సంఖ్యలో చైనావాళ్లు దిగారు. 1855లో విక్టోరియా వలస రాజ్యం తలకు 10 పౌండ్ల పన్ను వేసింది. 1860-61లో లాంబింగ్ ఫ్లాట్ గనుల దగ్గర తెల్ల జనం చైనావాళ్ల గుడారాల మీద పడ్డారు. కొట్టారు, తగలబెట్టారు, తరిమారు. తెల్ల కూలీ భయంలో న్యాయం లేదని ఒక్క మాటలో కొట్టిపారేయలేం. యజమానులు చౌక మనుషులను తెచ్చి కూలి రేటు పడగొట్టడం నిజంగానే జరిగేది. అయితే ఆ కోపం మనుషుల్ని తెచ్చిన యజమాని మీదకు పోకుండా, వచ్చిన మనిషి మీదకు పోయింది. మనం మాత్రం తక్కువ తిన్నామా? బొలాంగీరు నుంచి ఇటుక బట్టీలకు వచ్చే ఒడియా కూలీని మన ఊళ్లలో ఏమని పిలుస్తామో ఒకసారి చెవి ఒగ్గి వినండి.

1893లో చార్లెస్ పియర్సన్ అనే పెద్దమనిషి ఒక పుస్తకం రాశాడు. విక్టోరియాలో మంత్రిగా చేసినవాడు. రంగు జాతులు రేపు లేచి నిలబడతాయి, తెల్లవాళ్లను పక్కకు నెట్టేస్తాయి అన్నది దాని సారం. ఆస్ట్రేలియా తొలి ప్రధాని ఎడ్మండ్ బార్టన్ 1901 చట్టం మీద చర్చలో ఆ పుస్తకాన్ని పార్లమెంటులో చదివి వినిపించాడు. అంటే వాళ్ల చూపులో చిన్నచూపు ఒక్కటే లేదు, లోపల గుబులు కూడా ఉంది.

ఆ గుబులును దాచకుండా పైకి చెప్పినవాడు ఆల్‌ఫ్రెడ్ డీకిన్. ఈయన గురించి కాస్త ఆగి చెప్పుకోవాలి. డీకిన్ ఆషామాషీ మనిషి కాదు. 1890ల మొదట్లో భారతదేశం తిరిగి చూసి, ఇక్కడి నీటిపారుదల మీద ఒక పుస్తకం, గుళ్లూ సమాధుల మీద మరో పుస్తకం రాశాడు. రెండూ 1893లో వచ్చాయి. కొంతకాలం దివ్యజ్ఞాన సమాజంలో సభ్యుడుగా ఉన్నాడు. మన కాలువలు చూసి మెచ్చుకున్నవాడు, మన తత్త్వం మీద మోజు పడ్డవాడు. ఆ డీకినే 1901లో అటార్నీ జనరల్‌గా నిలబడి ఆసియావాళ్లను ఆపే చట్టాన్ని సమర్థించాడు. ఆయన వాదన వింతగా ఉంటుంది. ఈ జాతుల చెడ్డ గుణాలు కాదట, మంచి గుణాలే మనకు ప్రమాదమట. కష్టపడతారు, ఓపిక ఉంది, తక్కువతో బతుకుతారు, అందుకే రానివ్వకూడదట! తర్వాత ఈయన మూడుసార్లు ప్రధాని అయ్యాడు. మన దేశం గురించి బాగా తెలిసిన ఆస్ట్రేలియా నాయకుడే తలుపు మూశాడన్నది మరిచిపోకూడదు. తెలియక దూరం పెట్టారనే మాట డీకిన్ దగ్గర నిలబడదు.

తలుపు మూసిన తీరులోనూ తెలివి ఉంది. చట్టంలో ఆసియా అన్న మాట గాని, రంగు అన్న మాట గాని ఎక్కడా లేదు. లండన్ సర్కారుకు భారత సామ్రాజ్యం ఉంది, జపాన్‌తో స్నేహం ఉంది, బాహాటంగా రాయొద్దంది. అందుకని దక్షిణాఫ్రికాలో నాటాల్ వలస రాజ్యం 1897లో వాడిన ఉపాయం అరువు తెచ్చారు. ఓడ దిగిన మనిషికి అధికారి యూరపు భాష ఏదైనా ఒకదానిలో 50 మాటలు చదువుతాడు. వచ్చినవాడు తప్పు లేకుండా రాయాలి. ఏ భాష అన్నది అధికారి ఇష్టం. ఇంగ్లీషు వచ్చినవాడికి జర్మన్ పెట్టవచ్చు, జర్మన్ వచ్చినవాడికి స్వీడిష్ పెట్టవచ్చు. 1909 తర్వాత ఆ పరీక్ష పాసైనవాడు ఒక్కడూ లేడు. 1958లో గాని దాన్ని తీసేయలేదు. ఇవాళ మన పిల్లలు ఆస్ట్రేలియా వీసాకు ఇంగ్లీషు పరీక్ష రాస్తున్నారు కదా అని ఎవరైనా అనొచ్చు. రెంటికీ పోలిక లేదు. ఇది చదివితే పాసవుతాం. అది ఫెయిల్ చేయడానికే పెట్టిన పరీక్ష.

1901లోనే తపాలా చట్టంలో ఇంకో నిబంధన పెట్టారు. ఆస్ట్రేలియా తపాలా మోసే ఓడల్లో తెల్ల నావికులే ఉండాలట. పీ అండ్ ఓ లాంటి కంపెనీల ఓడలను నడిపేదే మన లస్కర్లు. బొగ్గు వేసేది వాళ్లు, తాళ్లు లాగేది వాళ్లు. తన ఉత్తరాన్ని ముట్టుకునే చెయ్యి కూడా తెల్లగా ఉండాలనుకుంది ఆ పార్లమెంటు.

ఇంత మడి కట్టుకున్న దేశపు కుర్రాళ్లు ఫిజీలో ఓడ దిగి మన కూలీల మీద అజమాయిషీ చేశారు. ఇరవై ఏళ్లు దాటీ దాటని వయసు, చేతిలో కొరడా, కింద గుర్రం. గిర్మిటియాలు వాళ్లను 'కులంబర్' అనేవారు. కంపెనీ వాళ్లకు హిందుస్తానీ నేర్చుకోమని చెప్పేది, ఎందుకంటే తోటలో హుకుం ఆ భాషలో ఇవ్వాలి. పాపం, మనవాళ్లకు ఆ భాష కూడా రాదు. పార్వతీపురం నుంచో గోదావరి నుంచో వెళ్లినవాడు ముందు హిందుస్తానీ నేర్చుకోవాలి, తర్వాత హుకుం అర్థం చేసుకోవాలి, ఈలోగా దెబ్బ పడుతుంది. తెల్ల కులంబర్ కింద ఉత్తరాది సర్దారు, ఆయన కింద 'మదరాసీ'. తెలుగువాడు, తమిళుడు, మలయాళీ అన్న తేడా అక్కడ లేదు.

ఉండటానికి 'లైన్లు' ఇచ్చారు. పొడుగాటి రేకుల పాక, మధ్యలో పలకల గోడలు. ఒక్కో గది సుమారు పది అడుగులకు ఏడడుగులు. అందులో ముగ్గురు ఒంటరి మగవాళ్లు, లేదా మొగుడూ పెళ్లాం పిల్లలు. వంట అందులోనే, పడక అందులోనే. నూరుగురు మగవాళ్లకు నలభై మంది ఆడవాళ్లు చొప్పున పంపాలని నియమం. ఆ లెక్కలోనే ఎన్ని ఘోరాలు పుట్టాయో చెప్పనక్కర్లేదు. రోజుకు తొమ్మిది గంటలు, శనివారం అయిదు గంటలు పని. ఆడవాళ్లకు 9 పెన్నీలు. పని కొలత పూర్తి కాకపోతే కూలి కోత. పనికి రాకపోతే అది కూలి తగువు కాదు, నేరం. కోర్టుకు లాగి జరిమానా వేసేవారు, జైల్లో ఉన్న రోజుల్ని గిర్మిట్ గడువుకు కలిపేవారు. ఆత్మహత్యలు మద్రాసు రాష్ట్రంతో పోలిస్తే ఎన్నో రెట్లు జరిగాయి. వాటిలో దక్షిణాదివాళ్ల పాలు తమ జనాభా లెక్కకు మించి ఉంది. తోడు లేదు, భాష లేదు, తిరిగిపోయే దారి కనబడదు.

వాల్టర్ గిల్ అనే ఆస్ట్రేలియా కులంబర్ గిర్మిట్ ఆఖరి రోజుల్లో ఫిజీలో పనిచేశాడు. ముసలితనంలో, 1970లో, తన జ్ఞాపకాలు పుస్తకంగా వేశాడు. అది పైనా కిందా కుళ్లిన వ్యవస్థ అని ఒప్పుకున్నాడు. అయితే ఆ పుస్తకంలో కూలీలకు మొహాలు ఉంటాయి గాని ఊళ్లు ఉండవు. ఎక్కడ నుంచి వచ్చారో, వెనక ఎవరిని వదిలి వచ్చారో కులంబర్‌కు అక్కర్లేదు.

ఆస్ట్రేలియావాళ్లంతా ఒకే కళ్లతో చూశారంటే అన్యాయం చేసినట్టే. హానా డడ్లీ అనే మెథడిస్టు ఆవిడ న్యూసౌత్‌వేల్స్ నుంచి 1897లో ఫిజీలోని సువాకు వచ్చింది. అంతకుముందు ఉత్తర భారతంలో పనిచేసింది కాబట్టి హిందుస్తానీ వచ్చు. భారతీయ పిల్లలకు బడి పెట్టింది, అనాథలను తన ఇంట్లోనే పెంచింది. అదే మిషనులో పనిచేసిన జె.డబ్ల్యూ. బర్టన్ 1910లో ఫిజీ మీద పుస్తకం రాసి గిర్మిట్‌ను తూర్పారబట్టాడు. ఆ పుస్తకం మన దేశానికీ చేరింది. మిషనరీలకు మతం మార్చే ఉద్దేశం ఉందనుకోండి. అయినా లైన్లలోకి వెళ్లి కూలీల కష్టం చూసిన తెల్ల కళ్లలో వాళ్లవీ ఉన్నాయి. (మన శ్రీకాకుళం, టెక్కలి వైపు బడులూ ఆసుపత్రులూ పెట్టిన బాప్టిస్టులు కెనడావాళ్లు. వాళ్ల కథ మరోసారి.)

1912లో గోఖలే కేంద్ర శాసనమండలిలో గిర్మిట్ రద్దు కోరి ఓడిపోయాడు. 1913లో కుంతి అనే కూలీ స్త్రీ కులంబర్ చేతి నుంచి తప్పించుకోడానికి నదిలో దూకిన ఉదంతం భారత పత్రికల్లో పడి దేశం అట్టుడికింది. 1915లో సి.ఎఫ్. ఆండ్రూస్, పియర్సన్ (పైన చెప్పిన చార్లెస్ పియర్సన్ కాదు, మరొకాయన) ఫిజీ వెళ్లి చూసి వచ్చి నివేదిక రాశారు. 1916లో గిర్మిట్ రద్దు కోరిన మాలవ్యా తీర్మానాన్ని వైస్రాయి హార్డింజ్ ఒప్పుకున్నాడు. ఆండ్రూస్ అంతటితో ఊరుకోలేదు. ఆస్ట్రేలియా వెళ్లి, మీ చక్కెర ఎక్కడ నుంచి వస్తోందో చూడండని అక్కడి మహిళా సంఘాలకు చెప్పాడు. కంపెనీ అబద్ధమంది. సంఘాలవాళ్లు ఎవరి మాటా నమ్మకుండా, 1918లో ఫ్లోరెన్స్ గార్నమ్ అనే ఆవిడను స్వయంగా చూసి రమ్మని పంపారు. ఆవిడ నివేదిక ఆండ్రూస్ మాటనే బలపరిచింది. 1920 జనవరి 1న మిగిలిన గిర్మిట్లన్నీ రద్దయ్యాయి. ఈ కథలో నాకు బాగా నచ్చే ఆస్ట్రేలియావాళ్లు ఆ మహిళా సంఘాలవాళ్లే. తమ తేనీటిలో కలిసే చక్కెర గురించి అడగడానికి అప్పట్లో గుండె ఉండాలి.

మరి గిర్మిట్ పోయాక కంపెనీ చూపు మారిందా? 1920లో సువాలో కూలీలు సమ్మె కడితే ఆస్ట్రేలియా నుంచి యుద్ధనౌక, న్యూజిలాండ్ నుంచి సిపాయిలు వచ్చారు. 1921లో పడమటి చెరకు జిల్లాల్లో ఆరు నెలలు సమ్మె సాగింది. సమ్మె నడిపిన సాధు వశిష్ఠ మునిని దేశం నుంచి పంపించేశారు. కంపెనీ దిగిరాలేదు. తర్వాత తోటలను చిన్న కమతాలుగా కోసి కౌలుకిచ్చింది. కూలీ కౌలుదారు అయ్యాడు. ఏ గట్టు ఎలా వెయ్యాలో, ఏ విత్తనం నాటాలో చెప్పేది మాత్రం ఆ కులంబరే.

ఆస్ట్రేలియా లోపల ఉన్న కొద్ది వేల మంది భారతీయుల పరిస్థితి ఈలోగా అంగుళం కదిలింది. 1922లో శ్రీనివాస శాస్త్రి భారత ప్రభుత్వం తరఫున ఆ దేశం తిరిగి ఉపన్యాసాలిచ్చాడు. ఆయన ఇంగ్లీషుకు వాళ్లు ముగ్ధులయ్యారు. 1925లో అక్కడ స్థిరపడిన భారతీయులకు ఓటు హక్కు ఇచ్చారు. కొత్తవాళ్లకు తలుపు మాత్రం తెరవలేదు.

ఫిజీలో మన భాషల సంగతి చెప్పకపోతే ఈ భాగం పూర్తికాదు. సర్కారు బడుల్లో హిందీ తప్ప మరోటి లేదు. 1926లో నాది పట్టణంలో 'తెన్ ఇండియా సన్మార్గ ఐక్య సంగం' పుట్టి దక్షిణాది భాషల కోసం బడులు తెరిచింది. 1941లో తెలుగువాళ్లు విడిగా దక్షిణ ఇండియా ఆంధ్ర సంగం పెట్టుకున్నారు. గిర్మిట్ పిల్లలు, మనవలు పలకల మీద అఆలు దిద్దారు. మారియమ్మ గుడి ముందు నిప్పుల గుండం తొక్కుతూ, రామభజనలు పాడుతూ, ఇంట్లో ఫిజీ హిందీ మాట్లాడుకుంటూ మన రక్తం ఆ దీవిలో నిలిచింది. భాష నిలవడమే కష్టమైంది.

1942కు వద్దాం. ఫిబ్రవరి 15న సింగపూర్ జపాన్‌కు లొంగిపోయింది. ఫిబ్రవరి 19న జపాన్ విమానాలు ఆస్ట్రేలియాలోని డార్విన్ మీద బాంబులు వేశాయి. ఏడు వారాలు తిరక్కుండానే, ఏప్రిల్ 6న, విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు పడ్డాయి. విశాఖ ఖాళీ అయి జనం పల్లెలకు పరిగెత్తిన సంగతి మన ఇళ్లలో కథగా చెప్పుకుంటారు. డార్విన్ జనం కూడా అలాగే దక్షిణానికి పరిగెత్తారు. ఆస్ట్రేలియాకు యాభై ఏళ్ల గుబులు నిజమైనట్టు కనిపించింది. అయితే వాళ్లు దాన్నుంచి తీసుకున్న పాఠం రెండు రకాలు. జనాభా పెంచుకోవాలి, లేకపోతే మింగేస్తారు అన్నది ఒకటి. అందుకని యూరపు నుంచి లక్షల మందిని తెచ్చుకున్నారు. ఇంగ్లండు ఇక కాపాడదు, పొరుగువాళ్లతో మంచిగా ఉండక తప్పదు అన్నది రెండోది. అందులోంచి 1950లో కొలంబో ప్రణాళిక వచ్చింది. దాని కింద ఆసియా విద్యార్థులు ఆస్ట్రేలియా విశ్వవిద్యాలయాలకు వెళ్లారు. చదువు కాగానే వెనక్కి పొమ్మనే షరతు మీద! అయినా వాళ్లను ఇంట్లో అద్దెకు పెట్టుకున్న తెల్ల కుటుంబాలు తొలిసారి ఆసియా మనిషితో ఒకే బల్ల దగ్గర అన్నం తిన్నాయి. వలస చట్టాలు మెత్తబడటంలో ఆ భోజనాల పాత్రను తక్కువ అంచనా వేయలేం.

1966లో నిబంధనలు సడలాయి. 1973లో ప్రధాని విట్లమ్ ప్రభుత్వం జాతి లెక్కను వలస విధానం నుంచి తుడిచేసింది. ఫిజీలో లార్డ్ డెన్నింగ్ అనే ఇంగ్లండు జడ్జి చక్కెర రాబడిలో నూటికి 65 పాళ్లు రైతుకు దక్కాలని తీర్పు చెబితే, అది తమకు గిట్టదని సీఎస్‌ఆర్ మూటాముల్లె సర్దుకుంది. అదీ 1973లోనే. ఆసియా మనిషి సిడ్నీలో దిగడానికి వీలైన ఏడాదే, సిడ్నీ కంపెనీ ఆసియా మనిషి చెరకును వదిలేసి వెళ్లిపోయింది.

తొలి గిర్మిట్ ఓడ ఫిజీ తీరానికి చేరింది 1879 మే 14న. సరిగ్గా 108 ఏళ్లకు, 1987 మే 14న, ఫిజీ సైన్యం భారతీయులు ఎక్కువగా ఉన్న ప్రభుత్వాన్ని కూలదోసింది. ఆ తర్వాత వేల కుటుంబాలు దేశం వదిలాయి. చాలామంది ఆస్ట్రేలియాలో, ముఖ్యంగా సిడ్నీ శివార్లలో స్థిరపడ్డారు. వాళ్లలో విశాఖ, గోదావరి గిర్మిట్‌వాళ్ల మునిమనవలూ ఉన్నారు. ఏ నగరంలో కూర్చుని తమ ముత్తాత కూలి రేటు కట్టారో ఆ నగరంలోనే ఇళ్లు కొనుక్కున్నారు. పక్క వీధిలో ఆంధ్ర, తెలంగాణ నుంచి చదువుకూ ఉద్యోగాలకూ వచ్చిన కొత్త తెలుగువాళ్లు. 2021 జనగణనలో ఆస్ట్రేలియాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు 59 వేల పైమాటే. ఈ ఇద్దరూ ఒకరినొకరు గుర్తుపట్టడం అరుదు. కొత్తవాళ్లకు ఫిజీవాళ్ల హిందీ నవ్వొస్తుంది. ఫిజీవాళ్లకు కొత్తవాళ్ల దర్జా మింగుడుపడదు.

ఆస్ట్రేలియా చూపు మారింది, సందేహం లేదు. 2009లో మెల్‌బోర్న్‌లో మన విద్యార్థుల మీద దాడులు జరిగినప్పుడు పాతదంతా లేచొచ్చిందని కొందరన్నారు. నేనలా అనను. 1901లో చట్టమే దాడి చేసింది. 2009లో దాడి చేసినవాళ్ల మీద చట్టం కేసు పెట్టింది, ఆలస్యంగానైనా. అయితే పాత మెలిక పూర్తిగా విడిపోలేదు. లక్షల ఫీజు కట్టే విద్యార్థి కావాలి, రాత్రుళ్లు టాక్సీ నడిపే చెయ్యి కావాలి, అద్దెలు పెరిగినప్పుడు మాత్రం ఇంతమంది ఎందుకొచ్చారన్న ప్రశ్న లేస్తుంది. 1901 నాటి డీకిన్‌కు ఈ ప్రశ్న కొత్తగా ఉండదు.

వచ్చే భాగం నాటాల్ మీద. అంతలో పాఠకులకు ఒక మనవి. ఫిజీ వెళ్లిన ప్రతి కూలీకి ఒక పాసు ఉండేది. దాని మీద పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, ఠాణా, జిల్లా, ఎత్తు, ఒంటి మీద మచ్చలు రాసేవారు. ఆ పాసులు సువాలో భద్రంగా ఉన్నాయి. అక్కడివాళ్లు తమ ఊరు వెతుక్కుంటూ ఇటు వస్తున్నారు. దొర చెవికి తోచినట్టు రాసిన స్పెల్లింగులో ఊరి పేరు పోల్చుకోలేక తిరిగిపోయేవాళ్లున్నారు. నరసన్నపేట, జలుమూరు, పాలకొండ, బొబ్బిలి, పార్వతీపురం వైపు మీ ఇంట్లో ఎవరైనా "మద్రాసు వైపు పోయి మళ్లీ రాలేదు" అని పెద్దలు చెప్పుకున్న మనిషి ఉంటే, ఆయన పేరు, తండ్రి పేరు, ఊరి పాత పేరు ఒక కాగితం మీద రాసి ఉంచండి. ఎవరైనా వెతుక్కుంటూ వచ్చినప్పుడు ఆ కాగితం పనికొస్తుంది.